పెటూనియాలు పర్మనెంటయిన వైనం

రాబోయే గణతంత్ర దినోత్సవం నాటికి కాలనీలో పువ్వులు పూయవలెనని కంపెనీ ఉత్తర్వు జారీ చేసింది. ఆ ఉత్తర్వును బొగ్గుబాయి ముందున్న హాజరు ఆఫీసు గోడకు, తాగి డ్యూటీకి రావద్దన్న నోటీసు పక్కన అంటించారు. పువ్వులు పూయకపోతే ఎవరి మీద చర్య తీసుకుంటారో అందులో రాయలేదు. కాబట్టి అందరూ భయపడ్డారు.

ఇది అరవై ఎనిమిదో సంవత్సరం మాట. గోదావరిఖని చుట్టుపక్కల కొత్త కొత్త బొగ్గుబాయిలు తెరుస్తున్న రోజులు. మనం చెప్పుకునే బాయి నంబరు చెప్పడం మర్యాద కాదు. అంతకు ముందు ఏడాది పై నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి, గెస్ట్‌హౌసులో భోంచేసి, వెళుతూ వెళుతూ తన అభిప్రాయం రాసి ఇచ్చాడు: "ఏర్పాట్లన్నీ బాగున్నవి. కాని ఇక్కడ అంతా నల్లగా ఉన్నది." బొగ్గు తవ్వేచోట నల్లగా ఉండటం ఎవరి తప్పో తేల్చడానికి విచారణ జరిగింది. తప్పు బొగ్గుదేనని తేలింది. బొగ్గును సస్పెండు చేసే అధికారం ఎవరికీ లేదు గనుక, దాని పక్కన రంగులు పెట్టాలని నిర్ణయించారు.

కార్మికుల ఇళ్ళ ముందు బంతి, చేమంతి, కనకాంబరాలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. కాని అవి ఎవరూ చెప్పకుండానే పూస్తాయి. ఉత్తర్వు లేకుండా పూసిన పువ్వు లెక్కలోకి రాదు. పైగా వాటిని ఆడవాళ్ళు తెంపి తలలో పెట్టుకుంటారు. ప్రదర్శన పువ్వు అట్లా ఉపయోగపడకూడదు. అందుకని బెంగుళూరు నుంచి పెటూనియా గింజలు తెప్పించారు. పొట్లం మీద ఊదా, గులాబీ, తెలుపు రంగుల బొమ్మలు ఉన్నాయి. ఇది ఒక్క కాలం బతికే మొక్క అనీ, గింజ మొలిచి, పూసి, ఎండాకాలం రాగానే చనిపోతుందనీ పొట్లం వెనక ఇంగ్లీషులో రాసి ఉంది. బొమ్మ ఉన్న వైపు చాలా బాగుండటం వల్ల ఎవరూ వెనక్కు తిప్పలేదు.

గింజలను ఎక్కడ భద్రపరచాలన్నది మొదటి సమస్య. చిన్న చిన్న పొట్లాల్లో వచ్చే సరుకు స్టోర్‌కీపరుకు తెలిసినంతలో ఒక్కటే, బొగ్గును పేల్చే మందు. కాబట్టి పెటూనియాలను మందుకొట్టులో పెట్టి రెండు తాళాలు వేశారు. పొట్లం బయటికి తీయాలంటే సంతకం కావాలి. షిఫ్టు అయ్యేసరికి మిగిలిన గింజలు తిరిగి అప్పగించాలి. కొట్టు దగ్గరికి బీడీ తాగుతూ రాకూడదు. ఆ రోజుల్లో దేశంలో ఇంత భద్రంగా ఉన్న పూలగింజలు మరెక్కడా ఉండి ఉండవు.

రెండో సమస్య, నాటేదెవరు? పర్మనెంటు కార్మికులకు వేరే పనులున్నాయి. బదిలీ కార్మికులున్నారు. బదిలీ అంటే ఈ ప్రాంతంలో పుట్టినవారికి చెప్పనక్కర లేదు గాని, పెద్దపల్లి దాటి అవతల ఉన్నవారి కోసం చెబుతాను. పర్మనెంటు కార్మికుడు డ్యూటీకి రాకపోతే ఆ రోజుకు అతని స్థానంలో దిగేవాడు బదిలీ. ప్రతి షిఫ్టుకూ వీళ్ళు తట్టా, బొగ్గెత్తే చెమ్మసూ పట్టుకుని బాయి ముందు నిలబడతారు. ఎవరికైనా జ్వరం వస్తే వీళ్ళకు మస్టరు పడుతుంది, అంటే హాజరు. తోటివాడికి జ్వరం రావాలని పొద్దున్నే లేచి దేవుణ్ణి వేడుకోవచ్చునా అన్నది ఇంతవరకు ఏ మతమూ తేల్చలేదు. ఏడాదిలో కావలసినన్ని మస్టర్లు పడితే బదిలీ మనిషి పర్మనెంటు అవుతాడు. ఏడాది మారితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆ గుంపులో ఆమోసు అనే అతను ఉన్నాడు. బొగ్గు ఎత్తి, పట్టాల మీద పోయే ఇనుప టబ్బుల్లో నింపడం అతని పని. ఆ ఏడు అతనికి ఇంకా కొద్ది మస్టర్లే తక్కువ. అవి పడితే క్వార్టరు వస్తుంది. క్వార్టరు సంగతి అట్లా ఉంచి, కంపెనీ దవాఖానలో పేరు ఎక్కుతుంది. అతని భార్య సుగుణమణికి మొదటి కానుపు గుడిసెలో జరిగింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. పర్మనెంటు వాళ్ళ ఇళ్ళవాళ్ళకే దవాఖానలో మంచం ఇస్తారు. కనుక ఆమోసు ఆ ఏడు ఒక్క షిఫ్టు కూడా వదలకుండా బాయి ముందు నిలబడుతున్నాడు.

ఒక పొద్దున సంక్షేమాధికారి గారు అక్కడికి విచ్చేశారు. పూల పని తెలిసినవాడు ఎవరని అడిగారు. ఎవరికీ తెలియదు. అప్పుడు పేర్లు అడగడం మొదలుపెట్టారు.

"నీ పేరేమిటి?"

"ఆమోసు దొరా."

"క్రైస్తవుడివి కదూ. మీ చర్చి ముందు పూలమొక్కలు ఉంటాయి కదూ?"

"ఉంటయి దొరా."

"ఎవరు పెంచారు?"

"తెల్వదు దొరా. నేను పుట్టకముందే ఉన్నయి."

"చూశారా, పుట్టినప్పటి నుంచి పువ్వుల అనుభవం ఉంది" అని సంక్షేమాధికారి గారు పక్కనున్న గుమాస్తాతో అన్నారు. గుమాస్తా రాసుకున్నాడు.

"దొరా, గీ డ్యూటీ మస్టర్ల కలుస్తదా?" అని ఆమోసు అడిగాడు.

"కలవకపోవడమేమిటయ్యా? నేను చెబుతున్నాను కదా."

ఆ సాయంత్రం సుగుణమణి సంగతంతా విన్నది.

"బొగ్గు నింపేటోనివి. గిప్పుడు పూలకు నీళ్ళు పోస్తవా?"

"మస్టర్లు కలుస్తయట."

"ఎవలన్నరు?"

"దొరనే అన్నడు. కలుస్తయట."

"గీ 'అట'ల మీద పండుకోని కనాల్నా నేను?"

పక్క గుడిసెలో ఉండే అలీముద్దీన్ టబ్బులను ఇనుపతాడుతో లాగే హాలేజీ ఇంజను నడుపుతాడు. వయసులో పెద్ద. ఆయన కూడా గుమ్మంలో నుంచే అన్నాడు, "కాగితం మీద రాయించుకో తమ్మీ. దొర నోట్లె పడ్డ మస్టరు దొర నోట్లెనే ఉంటది."

"అడిగితె గుస్స అయితడేమో కాకా."

"గట్లయితె పోయి పువ్వులు పూయించు."

పువ్వుల కోసం కంపెనీ వేసిన పుష్పాభివృద్ధి సంఘం మొదటి సమావేశంలో గింజ ఎంత లోతున నాటాలన్న చర్చ వచ్చింది. సంఘంలో ఉన్నవారంతా గని పనిలో తల పండినవారు. విలువైనదేదీ పైన దొరకదనీ, ఎంత లోతుకు పోతే అంత మేలైన సరుకు ఉంటుందనీ ఒక పెద్దాయన అనుభవం మీద చెప్పారు. ఎవరూ కాదనలేకపోయారు. గెస్ట్‌హౌసు ముందు నేలలో గునపంతో మూరెడు లోతు రంధ్రాలు వేయించారు. పెటూనియా గింజ నస్యం పొడి కన్నా సన్నగా ఉంటుంది. ఆమోసు ఒక్కొక్క రంధ్రం అడుగున చిటికెడు వేసి, పైన బంకమట్టి ముద్దలు పెట్టి, కర్రతో గట్టిగా దట్టించాడు. బాయిలో మందు పెట్టినాక చేసేది అదే. నియమం ప్రకారం అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు.

ఏమీ జరగలేదు. వారాలు గడిచినా ఏమీ జరగలేదు.

సంఘం మళ్ళీ సమావేశమైంది. మందు పెట్టినాక పేలకపోతే ఏం చేయాలో గని నియమాల్లో స్పష్టంగా ఉంది. దాని దగ్గరికి ఎవరూ పోకూడదు. కాబట్టి పూలమడి చుట్టూ తాడు కట్టి, ఎర్రజెండా పాతి, ప్రమాదం అని బోర్డు పెట్టారు. కాలనీలో ఉండే లింగవ్వ అనే ముసలామె మేక ఒకటి తాడు కింద నుంచి దూరి మడి అంతా తిరిగి వచ్చింది. ప్రాణనష్టం జరగలేదని నివేదిక పంపారు.

ఇంతలో మందుకొట్టులో సరుకు తనిఖీ జరిగింది. రెండు పొట్లాలను ఎలుకలు కొరికాయి. స్టోర్‌కీపరు ఆ పొడిని ఊడ్పించి, కొట్టు వెనక ఉన్న పేడమట్టి కుప్ప మీద పారేయించాడు. ఆ వారం తుంపర వాన పడింది. కుప్ప అంతా పచ్చగా, ఆవగింజంత ఆకులతో మొలిచింది. స్టోర్‌కీపరు భయపడి ఎవరికీ చెప్పలేదు. వాసనకు ముక్కు మూసుకుంటూ అటు వెళ్ళిన ఆమోసు చూశాడు. అతనికీ అవి ఏమిటో తెలియదు. అతను పీకబోతే, అటుగా వచ్చిన సంక్షేమాధికారి గారు ఆపి, పొట్లం మీది బొమ్మ తెచ్చి పోల్చి చూసి, ఆకు ఆకులాగే ఉందని నిర్ధారించారు.

భూగర్భ పద్ధతి కంటే ఉపరితల పద్ధతి లాభసాటి అని సంఘం తీర్మానించింది. ఈ పద్ధతిని కనిపెట్టినందుకు సంఘ సభ్యులు ఒకరినొకరు అభినందించుకున్నారు. ఎలుకల ప్రస్తావన రాలేదు.

నారు తీసి నాటే పని ఆమోసుకు పడింది. చెమ్మసు పట్టే చేయి అది. ఆ చేతికి దారపు పోగంత కాడ ఆనదు. పట్టుకున్నవి సగం నలిగాయి, నాటినవి సగం ఎండాయి. చివరకు అడుగులు తుప్పు పట్టిన మూడు బొగ్గు టబ్బులకు సరిపడా మొక్కలు మిగిలాయి. టబ్బులకు తెల్ల సున్నం వేసి, మట్టీ పేడా నింపి, వాటిలో పెట్టారు. క్రిస్మసు దాటగానే మొదటి మొగ్గ విచ్చింది. ఊదారంగు. బొగ్గుదుమ్ము పడి గంటలో నల్లబడింది. ఆ రోజు నుంచి ఆమోసు తడిగుడ్డతో పువ్వు పువ్వునూ తుడవడం నేర్చుకున్నాడు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు ఆగి చూసి పోయేవాళ్ళు. "మొగం కడుగుతున్నవా ఆమోసన్నా, మాది కూడ కడుగరాదు" అని ఒకడు అన్నాడు. అతని ముఖంలో పళ్ళు, కళ్ళు తప్ప తెల్లనిది ఏమీ లేదు.

క్రిస్మసు దాటిందంటే ఏడాది మారిందని కూడా అర్థం. ఆమోసు దానికి దిగులుపడలేదు. పూల డ్యూటీ అంతా కలిపితే తనకు కావలసిన మస్టర్లు డిసెంబరులోగానే నిండి ఉంటాయని అతని నమ్మకం. సుగుణమణి కూడా నెమ్మదిగా నమ్మింది. నెలలు నిండుతుంటే నమ్మక ఏం చేస్తుంది?

గణతంత్ర దినోత్సవం వచ్చింది. పై నుంచి ఆ పెద్ద అధికారే వచ్చాడు. ఆయన వెళ్ళే చోట్లు మూడు: గెస్ట్‌హౌసు మలుపు, కాలనీ బడి, బాయి మొగదల. పువ్వులు ఒక్క చోటికి సరిపడానే ఉన్నాయి. అయితే ఆ మూడు చోట్ల పక్క నుంచీ టబ్బుల పట్టాలు పోతాయి. బుద్ధిమంతులకు ఇంతకంటే చెప్పనక్కర లేదు. పెద్ద అధికారి గెస్ట్‌హౌసు మలుపులో పువ్వులు చూసి జీపెక్కగానే, అలీముద్దీన్ తాడు లాగాడు. జీపు రోడ్డు మీద చుట్టు తిరిగి బడికి చేరేసరికి టబ్బులు అడ్డదారిన అక్కడికి చేరాయి. పువ్వులు కదలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి ఆమోసు పక్కన పరుగెత్తాడు. అధికారి కనిపించినప్పుడల్లా అతను టబ్బు వెనక కూర్చోవాలని ముందే ఉత్తర్వు ఉంది. కూర్చున్నాడు.

మూడో చోట పెద్ద అధికారి ఆగిపోయాడు. ఒక కొమ్మను తేరిపార చూశాడు. 

"ఈ కొమ్మ ఎడమవైపు వంగి ఉంది. ముందు చూసిన రెండు చోట్ల కూడా ఇదే చోట ఇట్లాగే వంగి ఉంది. మొక్కలకు కూడా ఇంత క్రమశిక్షణ నేర్పిన యాజమాన్యాన్ని నేను ఎక్కడా చూడలేదు" అన్నాడాయన. తరువాత మైకు అందుకుని ఉపన్యసించాడు. "మిత్రులారా, శ్రమ నల్లగా ఉండవచ్చు, కాని ప్రగతి రంగులమయం. ఈ పువ్వులు ఎండనక, దుమ్మనక, సెలవనక సేవ చేస్తున్నవి. ఇటువంటివి తాత్కాలికంగా ఉండటం మనకు తలవంపులు. వీటిని శాశ్వతం చేయవలెను."

అందరం చప్పట్లు కొట్టాము. టబ్బు వెనక కూర్చున్న ఆమోసు కూడా కొట్టాడు.

పెద్దవారి మాట కంపెనీలో వెంటనే అమలవుతుంది. ఫిబ్రవరిలో మూడు టబ్బుల పెటూనియాలనూ పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. నియమం ప్రకారం వైద్యపరీక్ష కావాలి. కంపెనీ డాక్టరు గారు వచ్చి, ఎత్తు తక్కువ, ఛాతీ లేదు, చూపు పరీక్షించుటకు వీలుపడలేదు, అయినా పనికి యోగ్యం అని రాశారు. పెటూనియాల పేర్లు దవాఖాన జాబితాలో ఎక్కాయి.

ఆమోసు తన మస్టర్ల సంగతి అడగడానికి హాజరు ఆఫీసుకు వెళ్ళాడు.

"పువ్వులు బాయి లోపల పూసినయా?" అని హాజరు గుమాస్తా అడిగాడు.

"లేదు సారూ. పైననే."

"మరి బాయిల దిగిన మస్టరు ఎట్ల పడ్తది? పోయిన ఏడాది లెక్క పోయింది. మళ్ళ మొదటికెళ్ళి నిలబడు."

ఆమోసు సంక్షేమాధికారి గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన దయగా కూర్చోమన్నారు. కుర్చీ లేదు గనుక ఆమోసు నిలబడ్డాడు.

"నేను చెప్పిన మాట నిజమే ఆమోసూ. నేను కాదనను. కాని చెప్పే సెక్షను వేరు, చేసే సెక్షను వేరు. తొందరపడకూడదు. ఆ పెటూనియాలను చూడు. ఏనాడైనా నోరు తెరిచి అడిగాయా? అడగకుండానే పర్మనెంటు అయ్యాయి. నువ్వు వాటి దగ్గర ఇన్నాళ్ళుండి ఏం నేర్చుకున్నట్టు?"

ఆమోసు దండం పెట్టి, మళ్ళీ బాయి ముందుకు పోయి నిలబడ్డాడు. 

మార్చిలో ఎండ ముదిరింది. పెటూనియాలు తలలు వాల్చాయి. పర్మనెంటు కార్మికుడికి ఒంట్లో బాగాలేనట్టే లెక్క గనుక హాజరు ఆఫీసు నుంచి దవాఖానకు కబురు వెళ్ళింది. సుగుణమణికి నొప్పులు మొదలైన పొద్దు కూడా అదే. ఆమోసు బాయి ముందు నిలబడి ఉన్నాడు. అలీముద్దీన్ భార్య కరీమున్నీసా రిక్షా మాట్లాడి సుగుణమణిని దవాఖానకు తీసుకుపోయింది. కాంపౌండరు గుమ్మంలోనే ఆపాడు.

"పర్మనెంటోళ్ళ ఇంటోళ్ళకే అమ్మా. అయినా డాక్టర్ సాబ్ లేడు. కేసు చూడ వోయిండు."

"ఎవల కేసు?"

"పువ్వులయి."

 "పువ్వులకు నాడి యాడుంటదో జర మీ సాబ్‌ను అడిగి చెప్పుండ్రి" అని కరీమున్నీసా రిక్షా వెనక్కు తిప్పించింది. రిక్షావాడు గతుకులు తప్పించడానికి దిగి చేత్తో తోస్తూ నడిచాడు. గుడిసె చేరేసరికి సారవ్వ కత్తీ దారమూ వేడినీళ్ళూ సిద్ధం చేసి ఉంది. ఆమె ఆ వాడకంతటికీ మంత్రసాని. దైవకృప వల్ల, సారవ్వ చేతి చలవ వల్ల ఈసారి తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. గుడిసెలోనే సుఖప్రసవం కావడంతో, బదిలీ కార్మికుల కుటుంబాలకు దవాఖాన అవసరం లేదని రుజువైనట్టు సంక్షేమ విభాగం తన వార్షిక నివేదికలో పేర్కొన్నది.

అటు పెటూనియాలు మాత్రం దక్కలేదు. వృద్ధాప్యమే కారణమని డాక్టరు గారు రాశారు. మనుషుల లెక్కలో వాటి వయసు ఆరు నెలలు కూడా లేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పర్మనెంటు ఉద్యోగి పేరు కొట్టివేయాలంటే పై నుంచి ఉత్తర్వు కావాలి. పెద్ద అధికారి శాశ్వతం చేసినదాన్ని చచ్చిపోయిందని ఆయనకు రాసే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి పెటూనియాలు చనిపోలేదనీ, డ్యూటీకి రాలేదనీ రాసుకున్నారు. పర్మనెంటు ఉద్యోగి డ్యూటీకి రాకపోతే ఏం చేయాలో మీకు ఇంతకు ముందే చెప్పాను.

మర్నాడు షిఫ్టు మొదలయ్యేటప్పుడు హాజరు గుమాస్తా బదిలీల గుంపులోకి చూసి ఆమోసును పిలిచాడు.

"పువ్వుల జాగల బదిలీ. పోతవా?"

"ఏం చెయ్యాలె సారూ?"

"అవి ఏం చేసినయో గదే. టబ్బుల నిలబడాలె. పని జాగ టబ్బే గద. రంగు బట్ట ఏదన్న కట్టుకో."

"గిది మస్టర్ల కలుస్తదా?"

"ఇది కలుస్తది. పర్మనెంటు పోస్టు కదా. కాగితం కూడ ఉన్నది."

ఆమోసు కాగితం అడిగి చూశాడు. ముద్ర ఉంది. ఇంటికి వెళ్ళి సుగుణమణి గులాబీరంగు చీర తలకు చుట్టుకుని వచ్చి, గెస్ట్‌హౌసు మలుపులో మొదటి టబ్బులోకి ఎక్కాడు. మిగతా రెండు టబ్బుల్లోకి ఇంకో ఇద్దరు బదిలీలు ఎక్కారు. సాయంత్రం అలీముద్దీన్ డ్యూటీ దిగి పోతూ ఆగాడు.

"ఏం తమ్మీ, పూసినవా?"

"ఇంకా మొగ్గనే కాకా."

మొదటి రెండు రోజులు జనం చూడటానికి వచ్చారు. తరువాత అలవాటైపోయింది. ఆడవాళ్ళు బజారుకు పోతూ ఆ మలుపు దగ్గర రంగు బాగుందనో వెలిసిందనో చెప్పుకునేవాళ్ళు. పై నుంచి మరొక అధికారి జీపులో పోతూ, ఈసారి మొక్కలు బాగా ఎత్తు పెరిగాయని మెచ్చుకున్నాడట. ఆమోసుకు నిలబడటంలో లోటు లేదు. పేరు ఎక్కితే బిడ్డకు దవాఖాన టీకాలు దొరుకుతాయి. అందుకు ఎండలో కదలకుండా నిలబడాలి, అంతే.

ఈస్టరు ఆదివారం మా చర్చి నిండింది. పాస్టరు అయ్యగారు మంచి వాక్యం చెప్పారు. ఈ లోకంలో ఎవడూ పర్మనెంటు కాడనీ, దేవుని ఎదుట మనమందరం బదిలీలమేననీ, పిలుపు వచ్చిన రోజున దిగిపోవలసినవాళ్ళమేననీ అన్నారు. ఆ మాటకు చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరుసల్లో కూర్చున్న మేము, అంటే క్వార్టర్లు ఉన్నవాళ్ళం, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాము.

సుగుణమణి వెనక వరుసలో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమోసు రాలేదు. పువ్వులకు ఆదివారం సెలవు లేదు.